దంతవైద్యశాలల మురుగునీటిలో పాదరసం

పిప్పి పన్ను తొలిచి, ఆ గుంతలో వెండి రంగు మిశ్రమం నింపే పద్ధతి దంతవైద్యంలో దాదాపు రెండు వందల ఏళ్లుగా సాగుతోంది. అమాల్గం అనే ఈ మిశ్రమంలో తూకం ప్రకారం సుమారు సగం పాదరసం ఉంటుంది. మిగతాది వెండి, తగరం, రాగి, కొన్ని రకాల్లో కాస్త జింకు. కొత్తది నింపేటప్పుడు కొంత, పాతది తీసేటప్పుడు అంతకంటే చాలా ఎక్కువగా రాలే పొడి నీటితో కలిసి క్లినిక్కు గొట్టాల గుండా ఊరి మురుగులోకి పోతుంది. ఒక్కో క్లినిక్కు నుంచి పోయేది కొద్దిపాటే. అయినా అమెరికాలో పురపాలక మురుగు శుద్ధి కేంద్రాలకు చేరే పాదరసంలో అన్నిటికంటే పెద్ద వాటా దంతవైద్యశాలలదేనని ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) తేల్చింది.

దీన్ని ఆపడానికి కొత్త శాస్త్రమేదీ కనిపెట్టనక్కర్లేదు. గొట్టం మధ్యలో ఒక డబ్బా, ఆ డబ్బాను వేళకు మార్చే మనిషి ఉంటే పని జరుగుతుంది. ఇంత తేలికైన పనిని తప్పనిసరి చేసే జాతీయ నియమం అమెరికాలో 2017 దాకా రాలేదు. ఎందుకు ఆలస్యమైందో తెలుసుకుంటే పరికరం గురించే కాక, వృత్తి సంఘాలకూ ప్రభుత్వాలకూ మధ్య బేరసారాలు ఎలా నడుస్తాయో కూడా అర్థమవుతుంది.

కుర్చీ నుంచి కాలువ దాకా

దంతవైద్యుడి చేతిలోని డ్రిల్లు నిమిషానికి లక్షల చుట్లు తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా దాని మొన దగ్గర నీరు చిమ్ముతూనే ఉంటుంది. ఆ నీరు, లాలాజలం, రక్తం, పన్ను పొడి, అమాల్గం ముక్కలు అన్నీ కలిసి రెండు దారుల్లో నోటినుంచి బయటికి వస్తాయి. ఒకటి సక్షన్ గొట్టం, రెండోది రోగి పుక్కిలించి ఉమ్మే తొట్టి.

కుర్చీ దగ్గరే చిన్న జాలీ బుట్ట ఒకటి ఉంటుంది. దాని రంధ్రాలు సుమారు 0.7 మిల్లీమీటర్లు. గొట్టంలో ఇంకా ముందుకు పోతే వాక్యూమ్ పంపుకు ముందు మరికాస్త సన్నని వడపోత వస్తుంది. నిజానికి ఈ రెండూ పర్యావరణం కోసం పెట్టినవి కావు, పంపు పాడవకుండా పెట్టినవి. పెద్ద ముక్కలు వీటిలో చిక్కుతాయి. డ్రిల్లు నలిపిన మెత్తటి పొడి మాత్రం దాటిపోతుంది. పాత ఫిల్లింగు తొలగించేటప్పుడు పుట్టేది ఎక్కువగా ఈ మెత్తటి పొడే.

అమాల్గం పొడీ ద్రవమూ వేరువేరుగా ఉన్న చిన్న క్యాప్సూల్‌లో వస్తుంది. యంత్రంలో పెట్టి కొన్ని సెకన్లు ఊపితే కలిసి ముద్దవుతుంది. అతి చిన్న క్యాప్సూల్‌లో లోహపు పొడి 400 మిల్లీగ్రాములు, పాదరసం దాదాపు అంతే. పన్నుకు కావలసినదానికంటే కాస్త ఎక్కువే కలుపుతారు. మిగిలిన ముద్ద నోటిని తాకలేదు కనుక దాన్ని విడిగా మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచడం సులువు. చెత్తబుట్టలో వేసినా సింకులో కడిగినా ఆ సులువు పోతుంది.

మురుగులో చేరింది గొట్టాల్లోనే కొంత మిగిలిపోతుంది. వంపుల దగ్గర, సింకు కింద మడత గొట్టాల్లో, ఏటవాలు తగ్గిన చోట్ల బరువైన అమాల్గం మడ్డిలా పేరుకుంటుంది. పాత క్లినిక్కు ఖాళీ చేసి అక్కడ మరో వ్యాపారం పెట్టినా ఆ గొట్టం కొన్నేళ్లపాటు పాదరసాన్ని వదులుతూనే ఉండగలదు. స్వీడన్ నగరాల్లో పాత దంతవైద్యశాలల గొట్టాలను ప్రత్యేకంగా శుభ్రం చేయించడానికి కారణం ఇదే.

వాదన నోటి దగ్గరే ఆగిపోయింది

పారిస్‌లో ఒగ్యుస్త్ తావో 1826 ప్రాంతంలో వెండి నాణేల పొడిని పాదరసంతో కలిపి పళ్లకు నింపాడు. 1833లో క్రాకోర్ సోదరులు ఆ పద్ధతిని న్యూయార్కుకు తెచ్చి పెద్ద ప్రచారంతో అమ్ముకున్నారు. బంగారు రేకుతో పళ్లు నింపే అమెరికన్ దంతవైద్యులు మండిపడ్డారు. 1840లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ డెంటల్ సర్జన్స్ తన సభ్యుల చేత అమాల్గం వాడబోమని ప్రతిజ్ఞ చేయించింది. చవకైనదీ గట్టిదీ అయిన పదార్థాన్ని రోగులు వదులుకోలేదు, దంతవైద్యులూ వదులుకోలేదు. ఆ గొడవల్లోనే సంఘం బలహీనపడి 1856లో మూతపడింది. మూడేళ్ల తర్వాత ఏర్పడిన అమెరికన్ డెంటల్ అసోసియేషన్ (ఏడీఏ) అమాల్గాన్ని తోసిపుచ్చలేదు. 1890ల్లో జి. వి. బ్లాక్ లోహాల పాళ్లను శాస్త్రీయంగా తేల్చాక ఈ మిశ్రమం నిలదొక్కుకుంది.

అప్పటినుంచి ఇప్పటిదాకా జనంలో నడిచిన చర్చంతా నోట్లో ఉన్న ఫిల్లింగు మనిషికి కీడు చేస్తుందా లేదా అన్నదే. అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2020 సెప్టెంబరులో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, నాడీ వ్యాధులున్నవారు, మూత్రపిండాల పనితీరు తగ్గినవారు వీలైతే అమాల్గం మానుకోవడం మంచిదని చెప్పింది. పాడవని ఫిల్లింగును అనవసరంగా తీయించుకోవద్దని కూడా అదే ప్రకటనలో చెప్పింది. నోటి గురించిన ఈ వాదన వేడిలో కాలువ గురించి మాట్లాడేవారు చాలాకాలం కరువయ్యారు. ఫిల్లింగు నిరపాయమని నమ్మే దంతవైద్యుడికి దాని పొడి మురుగులో ప్రమాదమంటే, తాను ఒకవైపు వాదన ఓడిపోయినట్టు అనిపించి ఉండవచ్చు. ఆ రెండు ప్రశ్నలకూ నిజానికి సంబంధం లేదు. పంట్లో గట్టిపడిన అమాల్గం సంగతి వేరు, శుద్ధి కేంద్రపు బురదతో పాటు కాలే అమాల్గం సంగతి వేరు.

శుద్ధి కేంద్రంలో ఏమవుతుంది

మురుగు శుద్ధి కేంద్రాలు సేంద్రియ మలినాన్ని తగ్గించడానికి కట్టినవి. లోహాన్ని అవి నాశనం చేయలేవు, ఒకచోటినుంచి మరోచోటికి మార్చగలవంతే. వచ్చిన పాదరసంలో దాదాపు 90 శాతం అడుగున చేరే బురదలోకి పోతుంది, మిగిలింది శుద్ధి అయిన నీటితో నదికో సముద్రానికో చేరుతుంది. బురదను కొన్ని ఊళ్లలో కాల్చేస్తారు, కొన్నిచోట్ల పొలాలకు ఎరువుగా వేస్తారు, లేదా పూడ్చిపెడతారు. కాల్చినప్పుడు పాదరసం ఆవిరై పొగగొట్టంలోంచి గాలిలో కలిసి, ఎక్కడో వానతో దిగుతుంది.

గాలి అందని చెరువు అడుగు మట్టిలో, చిత్తడి నేలల్లో సల్ఫేటును వాడుకుని బతికే కొన్ని బ్యాక్టీరియాలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అసలు విషం ఇది. నాచునుంచి చిన్న చేపకు, చిన్న చేపనుంచి పెద్ద చేపకు పోతున్నకొద్దీ దీని సాంద్రత పెరుగుతుంది. తల్లి తిన్న చేపల ద్వారా గర్భంలోని బిడ్డ మెదడును దెబ్బతీయగలదు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధికి మూలం చిస్సో రసాయన కర్మాగారం వదిలిన మిథైల్ పాదరసమే. దంతవైద్యశాలల పాదరసాన్ని మినమాటా పక్కన పెట్టి జనాన్ని భయపెట్టడం న్యాయం కాదు. అక్కడ పారింది నేరుగా మిథైల్ రూపం, ఇక్కడ పారేది గట్టి లోహపు రేణువు.

ఆ రేణువు రేణువుగానే ఉండిపోతుందని దంతవైద్య సంఘాలు మొదట్లో వాదించాయి. అందులో కొంత నిజముంది. దంతవైద్యశాలల మురుగులోని పాదరసంలో 99 శాతానికి పైగా ఘనరూపంలోనే ఉంటుంది. కానీ ఆ గొట్టాల మురుగులోనే మిథైల్ పాదరసం కూడా ఉందనీ, దాన్ని తయారుచేసే జాతి బ్యాక్టీరియాలు అక్కడ ఉన్నాయనీ షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన పనిలో చూపారు. ఆ తర్వాత ‘మా రేణువు కదలదు’ అనే మాట అంత ధీమాగా వినిపించలేదు.

సెపరేటర్ పనితీరు

అమాల్గం సెపరేటర్ అనేది క్లినిక్కు సక్షన్ గొట్టానికీ భవనపు మురుగు గొట్టానికీ మధ్య బిగించే పాత్ర. చిన్న క్లినిక్కుకు బకెట్టంత పరికరం సరిపోతుంది. ఇది పనిచేసే సూత్రం బరువు. అమాల్గం నీటికంటే పది రెట్లకు మించిన బరువు గలది కాబట్టి ప్రవాహం నెమ్మదించిన చోట అడుగుకు దిగుతుంది. చాలా నమూనాలు ఈ ఒక్క గుణంమీదే ఆధారపడతాయి. లోపల అడ్డుపలకలు పెట్టి నీటిదారిని పొడిగిస్తారు, వేగం తగ్గుతుంది, మడ్డి కిందికి చేరుతుంది, పైనీరు ముందుకు పోతుంది. కొన్ని యంత్రాలు మజ్జిగ కవ్వంలా గిరగిర తిప్పి బరువైనదాన్ని అంచుకు నెడతాయి. కొన్నిటిలో సన్నని వడపోత ఉంటుంది. అయాన్ మార్పిడి రెజిన్‌తో కరిగిన పాదరసాన్ని కూడా పట్టేవి ఉన్నాయి కానీ వాటికి ఖర్చెక్కువ.

వీటిని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11143. ప్రయోగశాలలో తెలిసిన తూకం అమాల్గం పొడిని నీటితో పంపి, పరికరం ఎంత పట్టిందో తూస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండిన స్థితిలో మరొకసారి. రెండు సందర్భాల్లోనూ కనీసం 95 శాతం పట్టాలి. ఇక్కడ రెండో పరీక్షే అసలైనది. కొత్త డబ్బా దాదాపు ఏదైనా పట్టేస్తుంది. నిండిపోయాక లోపలి మడ్డి మళ్లీ లేచి ప్రవాహంతో పోవడం, లేదా నీరు పక్కదారి పట్టడం అప్పుడే మొదలవుతుంది. బజారులో దొరికే మంచి పరికరాలు 99 శాతం దాకా పడతాయి.

ప్రమాణానికి ఒక లోటుంది. అది తూచేది ఘనపదార్థాన్ని మాత్రమే. కరిగిన పాదరసం కొద్దిగానే ఉన్నా సెపరేటర్‌ను దర్జాగా దాటిపోతుంది. అందుకే కరగనివ్వకుండా చూడటం పరికరం కొనడమంత ముఖ్యమైన పని.

సక్షన్ గొట్టాలు వాసన వేయకుండా, జిగట పట్టకుండా రోజూ కడగాలి. దీనికి చాలా క్లినిక్కుల్లో బ్లీచు వాడేవారు. చవక, సులువు, సూక్ష్మజీవులు చస్తాయి. కానీ బ్లీచు, క్లోరిన్, అయోడిన్, పెరాక్సైడ్ వంటివి అమాల్గం మీద పనిచేసి అందులోని పాదరసాన్ని కరిగే రూపంలోకి తెస్తాయి. ఆమ్ల ద్రావకాలదీ అదే తీరు. సెపరేటర్ అడుగున నెలలుగా కూడబెట్టిన మడ్డిమీద రోజూ బ్లీచు పోస్తే పట్టినదాన్ని మనమే వదిలిపెట్టినట్టు. అమెరికా నియమం ఆక్సీకరణ చేసే ద్రావకాలతోపాటు పీహెచ్ 6 కంటే తక్కువ, 8 కంటే ఎక్కువ ఉన్న వాటినీ ఈ గొట్టాల్లో నిషేధించడం ఇందుకే.

నిండిన డబ్బాను పాదరసం తిరిగి తీసే సంస్థకు పంపాలి. అక్కడ మూసిన కొలిమిలో వేడిచేసి ఆవిరిని చల్లార్చి పాదరసం వేరుచేస్తారు. వెండి కూడా దొరుకుతుంది. అమాల్గం ఉన్న పీకిన పన్నును, జాలీ బుట్టలోని ముక్కలను, వాడిన క్యాప్సూళ్లను ఆసుపత్రి చెత్తతో కలిపితే అవి దహన కొలిమికి పోతాయి, సూక్ష్మజీవులను చంపడానికి ఆటోక్లేవ్‌లో పెడితే గదంతా పాదరస ఆవిరి. ఈ రెండూ శుభ్రతమీద శ్రద్ధ ఉన్నవారు చేసే తప్పులు కావడం విడ్డూరం.

అమెరికాలో నియమం వచ్చిన తీరు

ఊళ్లు ముందు మేల్కొన్నాయి. శుద్ధి కేంద్రాలు నడిపేది ఊళ్లే, బురదను ఎక్కడ వేయాలన్న తలనొప్పి వాటిదే. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ 1990ల్లో దంతవైద్యులను స్వచ్ఛందంగా సెపరేటర్లు పెట్టుకోమని ఏళ్లపాటు కోరింది, కరపత్రాలు పంచింది. పెట్టుకున్నవారు బహు కొద్దిమంది. 2001లో తప్పనిసరి చేసి 2003 దాకా గడువిచ్చేసరికి దాదాపు అందరూ పెట్టారు. అక్కడి శుద్ధి కేంద్రాల బురదలో పాదరసం సుమారు సగానికి పడిపోయింది. కెనడాలో టొరంటో నగరం కూడా ఇంచుమించు అదే కాలంలో మురుగు ఉపనియమం ద్వారా సెపరేటర్లను తప్పనిసరి చేసి మంచి ఫలితం చూసింది. స్వచ్ఛంద పద్ధతి పనిచేయదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

అయినా జాతీయ స్థాయిలో మళ్లీ స్వచ్ఛంద మార్గమే ఎంచుకున్నారు. 2008లో ఈపీఏ, ఏడీఏ, మురుగు శుద్ధి సంస్థల జాతీయ సంఘం కలిసి ఒక అవగాహన ఒప్పందం రాసుకున్నాయి. వాషింగ్టన్, న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, మిషిగన్ వంటి సుమారు పన్నెండు రాష్ట్రాలు ఈలోగా సొంత చట్టాలు చేశాయి. మిగతాచోట్ల కదలిక అంతంతమాత్రం. 2014లో ఈపీఏ జాతీయ నియమం ముసాయిదా ప్రకటించింది, 2016 డిసెంబరులో ఖరారు చేసింది. 2017 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే అచ్చుకాని నియమాలన్నిటినీ ఆపమన్న ఆదేశంతో ఇదీ వెనక్కి పోయింది. పర్యావరణ సంస్థ ఎన్ఆర్‌డీసీ కోర్టుకెక్కింది. 2017 జూన్ 14న నియమం ఎట్టకేలకు అచ్చయింది. ఏడీఏ అప్పటికి దీన్ని వ్యతిరేకించలేదన్నది గమనించదగ్గది. రాష్ట్రానికో తీరుగా ఉండే నిబంధనలకంటే దేశమంతటికీ ఒకటే ఉండటం, అందులో రోజువారీ నీటి పరీక్షల గొడవ లేకపోవడం వృత్తికీ నయమే.

నియమం నిజంగానే పొట్టిది. అమాల్గం పెట్టే లేదా తీసే క్లినిక్కు 95 శాతం పట్టే సెపరేటర్ పెట్టాలి. తుక్కు అమాల్గాన్ని కాలువలో వేయకూడదు. పైన చెప్పిన ద్రావకాలు వాడకూడదు. డబ్బాను నిండగానే, లేదా తయారీదారు చెప్పిన గడువుకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. స్థానిక మురుగు అధికారులకు ఒక్కసారి నివేదిక ఇచ్చి తర్వాత రికార్డులు మూడేళ్లు దాచాలి. పాత క్లినిక్కులకు 2020 జూలై 14 గడువు. దంతాలు సరిచేసే ఆర్థోడాంటిస్టులు, చిగుళ్ల నిపుణులు, నోటి శస్త్రచికిత్స చేసేవారు వంటి కొన్ని విభాగాలకూ, సంచార వైద్యశాలలకూ మినహాయింపు ఉంది. దేశంలో అమాల్గంతో పనిపడే క్లినిక్కులు సుమారు 1,03,000 అనీ, వాటిలో 40 శాతం దగ్గర అప్పటికే సెపరేటర్లు ఉన్నాయనీ ఈపీఏ లెక్క. మిగిలినవీ పెడితే ఏటా 5.1 టన్నుల పాదరసం, 5.3 టన్నుల ఇతర లోహాలు మురుగులోకి పోకుండా ఆగుతాయని అంచనా.

అమెరికాలో క్లినిక్కులు నడుపుతున్న తెలుగు దంతవైద్యులు గుర్తుంచుకోవలసిన ఒక నిబంధన ఇందులో ఉంది. నడుస్తున్న క్లినిక్కును కొనుక్కుంటే పాత యజమాని ఇచ్చిన నివేదిక చెల్లదు. చేతులు మారిన 90 రోజుల్లో కొత్త యజమాని తన పేరున మరొకటి ఇవ్వాలి.

ఐరోపా, మినమాటా ఒప్పందం, భారతదేశం

ఐరోపా సమాఖ్య 2017 నాటి పాదరస నియంత్రణ చట్టంతో 2019 జనవరి 1 నుంచి సెపరేటర్లను తప్పనిసరి చేసింది. 2025 జనవరి 1 నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప అమాల్గం వాడకాన్నే ఆపేసింది. నార్వే, స్వీడన్ 2008, 2009ల్లోనే ఆ పని చేశాయి. 2013లో జపాన్‌లో ఆమోదం పొంది 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందం మొదట అమాల్గం వాడకాన్ని క్రమంగా తగ్గించమంది. 2022లో పదిహేనేళ్లలోపు పిల్లలకూ గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ వద్దంది. 2025 నవంబరులో జెనీవా సమావేశం 2034 నాటికి పూర్తిగా మానాలని తీర్మానించింది.

భారతదేశం ఈ ఒప్పందాన్ని 2018 జూన్‌లో ధ్రువీకరించింది. మన దగ్గర పంటి రంగులో ఉండే కాంపోజిట్, గ్లాస్ అయనోమర్ పూరకాల వాడకం బాగా పెరిగింది, కారణం పర్యావరణం కంటే ఎక్కువగా నవ్వితే కనిపించే అందం. అమాల్గం ఉన్న పన్నును జీవవైద్య వ్యర్థాల పసుపు సంచిలో వేయకపోవడం ఇక్కడ మరీ ముఖ్యం. 2016 నిబంధనల ప్రకారం ఆ సంచి దహనానికి పోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిన్న పట్టణాల క్లినిక్కుల నీరు తరచుగా సెప్టిక్ ట్యాంకులోకో రోడ్డు పక్క మురుగు కాలువలోకో వెళ్తుంది. అమెరికాలో బురద రూపంలోనైనా పాదరసాన్ని ఒకచోట ఆపే శుద్ధి కేంద్రం ఉంటుంది. ఇక్కడ చాలాచోట్ల ఆ అడ్డూ ఉండదు. అందువల్ల గొట్టం మొదట్లో ఆపడం మనకు ఇంకా ఎక్కువ అవసరం. కొత్త పెద్ద క్లినిక్కు కంటే, బోధన కోసం వందల కుర్చీలు నడిపే దంతవైద్య కళాశాలల్లో ముందు పెట్టడం సబబు, ఒక్క పరికరం చాలా కుర్చీలకు పనిచేస్తుంది.

తీసేసే కాలం

కొత్తగా పెట్టడం ఆగినంతమాత్రాన మురుగులోకి పోవడం ఆగదు. ఇప్పటికే కోట్ల మంది నోళ్లలో అమాల్గం ఉంది. అది పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పగిలినప్పుడో, పక్కన మళ్లీ పుచ్చినప్పుడో దాన్ని డ్రిల్లుతో పొడిచేసి తీస్తారు. పెట్టేటప్పటి కంటే ఇప్పుడే నీటిలో ఎక్కువ కలుస్తుంది. కాబట్టి ‘మేం అమాల్గం మానేశాం’ అనే క్లినిక్కు పాతవి తీస్తున్నంతకాలం సెపరేటర్ మానడానికి లేదు. అమెరికా నియమం కూడా పెట్టకుండా, అనుకోని అత్యవసర సందర్భాల్లో మాత్రమే తీసేవారికే మినహాయింపునిచ్చింది. నిషేధం ముందుగా వచ్చిన స్వీడన్‌లో ఈ రెండో దశ ఇప్పటికే నడుస్తోంది. 2034 గడువు పాటించే దేశాల్లో అది ఆ ఏడాది తర్వాత కనీసం మరో తరం పాటు సాగుతుంది.